పైపూతే కదా!

కడుపులోకి పోయే మందు పట్ల మనవాళ్ళకి ఉన్న భయభక్తులు ఒంటికి రాసుకునే మందు పట్ల ఉండవు. మాత్ర చేతికివ్వగానే “ఇది పరగడుపున వేసుకోవాలా, అన్నం తిన్నాకనా? వేడి చేస్తుందేమో, మజ్జిగ తాగవచ్చునా?” అని ఆరా తీసే ఇల్లాలే, ట్యూబులోంచి పిండుకునే లేపనాన్ని కొబ్బరినూనె సీసా పక్కన పెట్టి, కొబ్బరినూనెను వాడినంత ధారాళంగానూ వాడుతుంది. ఎవరైనా అభ్యంతరం చెబితే సమాధానం సిద్ధంగా ఉంటుంది: “పైపూతే కదా!”

ఈ రెండు మాటల వెనుక ఒక నమ్మకం ఉంది. చర్మం గోడ వంటిది. గోడకి బయట వేసిన సున్నం ఇంట్లోకి రాదు. ఈ నమ్మకం ఇల్లాండ్రకే కాదు, చాలాకాలం వైద్యులకీ, చట్టాలు రాసినవారికీ కూడా ఉండేది. హార్మోన్లు కలిసిన లేపనాల చరిత్ర చదువుతూ పోతే, ఆ గోడ ఒక్కొక్క చోట బీటలు వారుతూ కనిపిస్తుంది. ఆ కథని ఒకచోట చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. ముందుగా ఒక మనవి. నేను వైద్యుణ్ణి కాను. ఇది మందుచీటీ కాదు. ఎవరి ట్యూబు సంగతి వారు తమ వైద్యునితోనే తేల్చుకోవాలి.

హార్మోను అంటే ఒక గ్రంథిలో పుట్టి, రక్తంలో కలిసి, ఎక్కడో దూరాన ఉన్న అవయవానికి కబురు మోసే రసాయనం. కబురు కనుక పరిమాణం స్వల్పం, ఫలితం ఘనం. వీటిలో స్టిరాయిడ్ల కుటుంబం ఒకటి ఉంది. అధివృక్క గ్రంథులలో పుట్టే హైడ్రోకార్టిసోన్, స్త్రీల ఈస్ట్రొజెన్, పురుషుల టెస్టాస్టెరోన్, అన్నీ ఆ కుటుంబంలోనివే. వీటి అణువులు చిన్నవి, కొవ్వులో కరిగేవి. ఇక చర్మపు పై పొర మాటకొస్తే, శాస్త్రజ్ఞులు కూడా దానిని గోడతోనే పోలుస్తారు: చచ్చిన కణాలు ఇటుకలు, వాటి మధ్య ఉన్న కొవ్వు అడుసు. చిక్కు అక్కడే ఉంది. నీటిలో కరిగేవాటిని నిలవరించే ఆ అడుసే కొవ్వులో కరిగేవాటికి దారి ఇస్తుంది.

ఈ సంగతి మొదట బోధపడింది వైద్యశాలలో కాదు, కర్మాగారంలో. 1938లో ఇంగ్లండులో చార్లెస్ డాడ్స్ బృందం స్టిల్‌బెస్ట్రాల్ అనే కృత్రిమ పదార్థాన్ని తయారుచేసింది. అది నిర్మాణంలో స్టిరాయిడ్ కాకపోయినా, ఒంట్లో ఈస్ట్రొజెన్ చేసే పనే చేస్తుంది. చవకగా తయారవుతుంది కనుక ఉత్పత్తి వెంటనే ఊపందుకుంది. నాలుగేళ్ళు తిరిగేసరికి, అంటే 1942లో, ఆ మందు తయారీలో పనిచేసే మగ కార్మికులకి రొమ్ములు పెరిగిన ఉదంతాలు బ్రిటిష్ శస్త్రవైద్య పత్రికలో అచ్చయ్యాయి. వారెవరూ ఆ మందు మింగలేదు. దాని పొడిని చేతులతో తాకారు, బట్టల మీద పడనిచ్చారు, గాలితో పాటు పీల్చారు. అంతే.

విచిత్రమేమిటంటే, అవే రోజులలో అమెరికాలో ఈస్ట్రొజెన్ కలిపిన ముఖలేపనాలు యౌవనాన్ని తిరిగి తెస్తాయంటూ అందాల అంగళ్ళలో అమ్ముడుపోయేవి. మందు అంటే వైద్యుడు కావాలి, అలంకరణ సామగ్రి అంటే అద్దం చాలు! వైద్యుని చీటీ లేకుండా అమ్మే హార్మోను లేపనాలు భద్రమైనవనీ, పనిచేస్తాయనీ అంగీకరించలేమని అక్కడి ఆహార ఔషధ సంస్థ కచ్చితంగా నిబంధన రాసింది 1993లో. అద్దం ముందు అర్ధశతాబ్ది పైగా గడిచిపోయిందన్నమాట.

అసలు కథ కార్టిసోన్‌తో మొదలవుతుంది. 1948 సెప్టెంబరు 21న అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ కీళ్ళవాతంతో మంచం పట్టిన ఒక యువతికి ‘ఇ పదార్థం’ అనే పేరుగల మందును సూదితో ఎక్కించాడు. కొద్ది రోజులలోనే ఆమె లేచి నడిచింది. ఆ పదార్థమే కార్టిసోన్. హెంచ్‌కీ, సహచరుడు కెండాల్‌కీ, స్విట్జర్లండులో అదే దారిన నడిచిన రైక్‌స్టయిన్‌కీ 1950లో నోబెల్ బహుమానం వచ్చింది. ప్రయోగం జరిగిన రెండేళ్ళకే నోబెల్ రావడం అరుదు. ఎద్దుల పిత్తరసం నుంచి ముప్ఫయి పైచిలుకు మెట్లలో తయారుచేయవలసిన ఆ మందు అప్పట్లో బంగారం కంటె ప్రియం. 1952లో అప్‌జాన్ కంపెనీ రసాయనజ్ఞులు రొట్టెకి పట్టే బూజు వంటి ఒక శిలీంధ్రం చేత ఆ మెట్లలో అతి కష్టమైనదాన్ని ఒక్క అంగలో దాటించాక ధర దిగివచ్చింది.

కీళ్ళని లేపిన మందు చర్మాన్ని ఊరడించదా అన్న ఆలోచన వెంటనే పుట్టింది. కార్టిసోన్‌ని లేపనంలో కలిపి రాశారు. ఏమీ జరగలేదు. కారణం తరువాత తెలిసింది: కార్టిసోన్ తనంత తాను పనిచేయదు, కాలేయం దానిని హైడ్రోకార్టిసోన్‌గా మార్చాలి. చర్మం మీద రాస్తే ఆ మార్పు చాలినంత జరగదు. అప్పుడు న్యూయార్కులో మారియన్ సల్జ్‌బర్గర్, విక్టర్ విట్టెన్ అనే ఇద్దరు చర్మవైద్యులు ఏకంగా ‘ఎఫ్ పదార్థాన్ని’, అంటే హైడ్రోకార్టిసోన్‌నే లేపనంలో కలిపి రాసి చూశారు. దురద తగ్గింది, ఎరుపు తగ్గింది. 1952లో వారు ప్రకటించిన ఆ వ్యాసంతో చర్మవైద్యం రెండు యుగాలుగా చీలింది. అంతకు ముందు ఉన్నవి తారు, గంధకం, జింకు పిండి, కంపు, మరకలు. ఆ తరువాత వచ్చింది తెల్లని, వాసన లేని, రెండు రోజులలో ఉపశమనమిచ్చే లేపనం. రోగికి ఇంతకంటె ఏం కావాలి? ఈ మందుని నిందించే ముందు ఆ పాతరోజుల రోగి నిద్రలేని రాత్రులని తలచుకోవాలి. సక్రమంగా వాడితే ఇప్పటికీ ఇది వరమే.

అన్నట్లు, ఈ కథలో మనకి కాస్త చుట్టరికం ఉంది. భీమవరంలో పుట్టి అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనకి సారథ్యం వహించిన యల్లాప్రగడ సుబ్బారావు 1948లో, హెంచ్ ప్రయోగానికి కొద్ది వారాల ముందే, కన్నుమూశాడు. ఆయన పోయిన ఎనిమిదేళ్ళకి అదే లెడర్లీలో ట్రయామ్సినలోన్ అనే కొత్త స్టిరాయిడ్ పుట్టింది. నేటికీ ఆ లేపనం వాడుకలో ఉంది. అందులో ఆయన చెయ్యి లేదు. అలా ఉందని ఎక్కడైనా చదివితే నమ్మకండి.

1960లు వచ్చేసరికి పోటీ మొదలయింది. ఎవరి స్టిరాయిడ్ ఎంత బలమైనదో తేల్చడమెలా? ఎలుకల మీద బలమైనది మనుషుల చర్మం మీద బలహీనం కావచ్చు. 1962లో మెకెంజీ, స్టౌటన్ అనే ఇద్దరు చాలా తేలికైన ఉపాయం కనిపెట్టారు. స్టిరాయిడ్ తగిలినచోట చర్మంలోని సన్నని రక్తనాళాలు ముడుచుకుని ఆ మేర తెల్లబోతుంది. కనుక ఆరోగ్యవంతుల ముంజేతుల మీద రకరకాల మందుల చుక్కలు వేసి, మరునాడు ఏ చోటు ఎంత తెల్లబోయిందో చూడటమే పరీక్ష. ఈ తెల్లబోవడం లెక్కన బీటామెథసోన్‌కి వాలెరేట్ అనే తోక తగిలిస్తే దాని బలం ఎన్నో రెట్లు హెచ్చుతుందని తెలిసింది. గ్లాక్సో వారి బెట్నోవేట్ అలా పుట్టింది. మరో పదేళ్ళకి అంతకంటె బలమైన క్లోబెటసాల్ వచ్చింది. హైడ్రోకార్టిసోన్ లాంతరు వెలుగైతే ఇది పెట్రోమాక్సు. చూడటానికి మాత్రం అన్నీ తెల్లని లేపనాలే, ట్యూబులూ ఒకే తీరు. బలంలోని వందల రెట్ల తేడాని చెప్పే గుర్తు ఏదీ పైన కనిపించదు. ఈ కథలోని చాలా అనర్థాలకి మూలం ఈ ఏకరూపమేనని నా అభిప్రాయం.

తెల్లబోవడాన్ని కొలిచిన ఆ పరీక్షలో ఒక వ్యంగ్యం కూడా ఉంది. మందు బలానికి కొలబద్దగా వారు చూసిన తెల్లదనమే తరువాత మన దేశంలో ఆ మందుకి అమ్మకపు సరుకయింది. దాని సంగతి కాసేపాగి చెబుతాను.

బలం పెరిగినకొద్దీ లోపలి చీడ బయటపడసాగింది. 1963లోనే లేపనం రాసినచోట చర్మం సాగి చారలు పడిన ఉదంతాలు అచ్చయ్యాయి. గర్భిణుల పొట్ట మీద కనిపించే చారల వంటివి తొడల మూలల్లో, చంకల్లో కనిపించాయి. చర్మం పలచబడి ఉల్లిపొర అయ్యేది, కింద రక్తనాళాలు ఎర్రని దారాల్లా తేలేవి. 1968లో ఐవ్, మార్క్స్ అనే ఇద్దరు బ్రిటిష్ వైద్యులు మరో మోసాన్ని పట్టుకున్నారు. బూజు జాతి శిలీంధ్రం వల్ల వచ్చే తామర మీద స్టిరాయిడ్ రాస్తే దురద, ఎరుపు పోతాయి. కనుక రోగి తగ్గిందనుకుంటాడు. నిజానికి స్టిరాయిడ్ అక్కడి చర్మపు రక్షణని నిద్రపుచ్చింది. శిలీంధ్రం నిరాటంకంగా పాకుతోంది, గుండ్రని అంచు మాసిపోయి వైద్యుడు కూడా గుర్తుపట్టలేని రూపు దాల్చింది. దానికి వారు ‘మారువేషంలోని తామర’ అనే అర్థం వచ్చే లాటిను పేరు పెట్టారు.

తెలుగువారికి ఇక్కడ ఇంకో చిక్కుంది. మనం తామర అని శిలీంధ్రం వల్ల వచ్చే చుట్టుమచ్చనీ అంటాం, శిలీంధ్రంతో సంబంధమే లేని ఎగ్జిమానీ అంటాం. ఒకదానికి స్టిరాయిడ్ మందు, రెండవదానికి మేత. పక్కింటావిడ “నాకూ తామరే, ఈ ట్యూబుతో పోయింది” అని ఇచ్చినప్పుడు, ఆవిడ తామర ఏ తామరో ఎవరికి తెలుసు?

ఎక్కడ రాస్తున్నామన్న ప్రశ్నకి 1967లో సమాధానం దొరికింది. ఫెల్డ్‌మన్, మైబాక్ అనే పరిశోధకులు రేడియోధార్మిక కార్బనుతో గుర్తు పెట్టిన హైడ్రోకార్టిసోన్‌ని వాలంటీర్ల ఒంటి మీద వేర్వేరు చోట్ల రాసి, ఎంత మూత్రంలోకి వచ్చిందో లెక్క కట్టారు. ముంజేతి లోపలి వైపు చర్మం లోనికి పంపినదానిని ఒకటి అనుకుంటే, అరికాలు పంపినది 0.14, వీపు 1.7, తలమీది చర్మం 3.5, నుదురు 6, దవడ మూల 13, వృషణాల చర్మం 42. అంటే అరికాలికీ వృషణాలకీ మధ్య 300 రెట్ల తేడా! ఒకే మనిషి, ఒకే మందు, ఒకే రోజు. చర్మం ఒకే గోడ కాదని, కొన్నిచోట్ల రాతికోట, కొన్నిచోట్ల తడిక అని తేలిపోయింది. కాలి మడమకి ఇచ్చిన ట్యూబుని మొహానికి రాసుకోవడం, గజ్జల్లో రాసుకోవడం ఎందుకు తగదో చెప్పడానికి ఈ ఒక్క పట్టిక చాలు.

దీనికి తోడు మూత సంగతి. సల్జ్‌బర్గర్, విట్టెన్‌లే 1961లో లేపనం మీద పలచని ప్లాస్టిక్కు పొర చుడితే మందు చాలా బాగా పనిచేస్తుందని చెప్పారు. చెమట ఆవిరి కాక చర్మం నానుతుంది, నానిన చర్మం తలుపులు తెరుస్తుంది. మొండి మచ్చలకి ఇది దివ్యమైన ఉపాయం. కాని పసిపిల్లల నడుముకి చుట్టే డైపరు కూడా అటువంటి మూతే కదా! వైద్యుడు చెప్పకుండా దాని కింద స్టిరాయిడ్ రాయకూడదనేది అందుకే. పైగా పిల్లల బరువుతో పోలిస్తే వారి చర్మపు వైశాల్యం పెద్దవారికంటె ఎక్కువ. అంటే చిన్న పాత్రలోకి పెద్ద వాకిలి.

విక్కర్స్ అనే ఆయన 1963లో మరో సంగతి కనుగొన్నాడు. ముందురోజు రాసిన స్టిరాయిడ్ పై పొరలో దాగి ఉండి, కొన్ని రోజుల తరువాత అదే చోట ప్లాస్టిక్కు చుడితే, కొత్తగా మందు రాయకపోయినా, మళ్ళీ చర్మం తెల్లబోయింది. చర్మంలో ఒక గాదె ఉందన్నమాట. పూటపూటా రుద్దనక్కరలేదని, బలమైన లేపనాలు రోజుకి ఒక్కసారి రాస్తే చాలునని తరువాత వచ్చిన సలహాకి ఈ గాదె కూడా ఒక కారణం. రోగికి ఇది సౌకర్యం, చర్మానికి క్షేమం. ఈ రెండూ ఒకే దిక్కున నడవడం వైద్యంలో తరచు జరగదు.

ఎక్కడ రాయాలో, ఎలా మూయకూడదో తెలిసింది. ఎంత రాయాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. “పలచగా రాయండి” అనేవారు వైద్యులు. ఇప్పటికీ అంటారు. పలచగా అంటే ఎంత? మజ్జిగంత పలచగానా, పాలంత పలచగానా? మాత్రకి మిల్లీగ్రాముల లెక్క, సిరపుకి చెంచా లెక్క, లేపనానికి మాత్రం “కాస్త”. భయస్తుడు కందిగింజంత తీసి వీపంతా పులిమేవాడు, రోగం తగ్గేది కాదు. ధైర్యవంతుడు ట్యూబు సగం ఖాళీ చేసేవాడు, చర్మం పలచబడేది. హైడ్రోకార్టిసోన్ లేపనం వచ్చిన 39 ఏళ్ళకి, 1991లో, కార్డిఫ్‌లో లాంగ్, ఫిన్‌లే అనే ఇద్దరు దీనికి కొలత కనిపెట్టారు. ఆ కొలతపాత్ర అందరి దగ్గరా ఉన్నదే. చూపుడువేలు లోపలివైపు, గోటికి దగ్గరగా ఉన్న మొదటి గీత నుంచి వేలికొన దాకా, 5 మిల్లీమీటర్ల మూతి ఉన్న ట్యూబులోంచి పిండిన లేపనపు తీగ. దీనిని వేలికొన కొలత అందాం. మగవారి వేలికి అది దాదాపు 0.49 గ్రాములు, ఆడవారి వేలికి 0.43, స్థూలంగా అర గ్రాము. వేళ్ళతో సహా రెండు అరచేతులంత చోటుకి అది సరిపోతుంది.

ఆ లెక్కన పెద్దవారి ముఖానికీ మెడకీ కలిపి రెండున్నర కొలతలు, ఒక భుజం నుంచి మణికట్టు దాకా మూడు, ఒక హస్తానికి ఒకటి, ఒక కాలికి ఆరు, పాదానికి రెండు, ఎదురురొమ్ము పొట్టలకి ఏడు, పిరుదులతో సహా వీపుకి ఏడు. మొత్తం ఒంటికి నలభై పైన, అంటే ఒక్కసారికి సుమారు 20 గ్రాములు. ఇంత గొప్ప సైన్సు జరిగిన శతాబ్దంలో, రక్తంలోని హార్మోన్లని నానోగ్రాములలో కొలవగలిగిన రోజులలో, లేపనాన్ని వేలితో కొలవాలన్న ఊహ రావడానికి 1991 దాకా పట్టిందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. మన అమ్మమ్మలు చిటికెడు, పిడికెడు, దోసెడు, మూరెడు అంటూ సంసారాలు నడిపింది శరీరపు కొలతలతోనే కదా!

రాసే పద్ధతి గురించి కూడా నాలుగు మాటలు. జిడ్డుగా ఉండే ఆయింట్‌మెంటు పొడిబారి మందమైన చర్మానికి మంచిది, కాని బట్టలకి అంటుతుంది. రసికారే చోటికీ, నలుగురిలో తిరిగేవారికీ క్రీము నయం. వెంట్రుకలున్న చోటికి లోషనో జెల్లో. గట్టిగా మర్దన చేయనక్కరలేదు, వెంట్రుకలు వాలిన దిక్కుగా తేలికగా పరిస్తే చాలు. తేమలేపనం ముందా, మందు ముందా అన్నదానిపై వైద్యులలోనే ఏకాభిప్రాయం లేదు. రెండింటికీ మధ్య ఇరవై నిమిషాలో అరగంటో ఎడం ఇస్తే ఒకదానిని ఒకటి పలచన చేయవు. ఆపైన చేతులు కడుక్కోవాలి, మందు చేతులకే అయితే తప్ప.

చేతులు కడుక్కోవడం వంటి చిన్న విషయం ఎంత పెద్దదో తరువాతి అధ్యాయం చెబుతుంది. ఇంతవరకూ చెప్పినవి చర్మపు రోగానికి చర్మం మీద రాసే మందులు. వాటిని రక్తంలోకి పోనీయకుండా చూడటం సమస్య. కొన్నిటిని రక్తంలోకి పంపడానికే చర్మం మీద రాస్తారు. ముట్లుడిగిన స్త్రీలకి ఈస్ట్రొజెన్ జెల్ ఫ్రాన్సులో 1970లలోనే వాడుకలోకి వచ్చింది. మాత్ర అయితే పేగుల నుంచి ముందు కాలేయానికి పోతుంది, అక్కడ కొంత ధ్వంసమవుతుంది, రక్తం గడ్డకట్టించే పదార్థాలనీ పెంచుతుంది. చర్మం దారిన పోతే ఆ చుట్టుతిరుగుడు తప్పుతుంది. కాని జెల్ రూపంలో వచ్చినా ఈస్ట్రొజెన్ ఈస్ట్రొజెనే. గర్భసంచి ఉన్న స్త్రీకి దాని పొరని కాపాడే రెండో హార్మోను కూడా ఇవ్వాలన్న నియమం ఇక్కడా తప్పదు.

పురుషుల వంతు 2000లో వచ్చింది. ఆ ఏడు అమెరికాలో టెస్టాస్టెరోన్ జెల్‌కి అనుమతి లభించింది. ఈ హార్మోను చాలినంత తయారుకాని మగవారు స్నానం చేసి, ఒళ్ళు తుడుచుకుని, భుజాలకి జెల్ రాసుకుంటే సరి. సూదిపోటు లేదు. అయితే ఆ జెల్ లెక్క చూడండి. 5 గ్రాముల జెల్‌లో 50 మిల్లీగ్రాముల టెస్టాస్టెరోన్ ఉంటుంది. ఒంట్లోకి చేరేది దాదాపు పదోవంతు, అంటే 5 మిల్లీగ్రాములు. ఆరోగ్యవంతుడైన మగవాడి ఒంట్లో రోజూ తయారయ్యేదీ ఇంచుమించు అంతే. మరి మిగతా 45 మిల్లీగ్రాములు ఎక్కడున్నట్టు? భుజం మీద.

తండ్రి భుజం మీద తల పెట్టి పడుకునే చంటిబిడ్డకి ఈ లెక్కలు తెలియవు. 2009 మేలో అమెరికా ఆహార ఔషధ సంస్థ ఈ జెల్‌ల పెట్టెల మీద నల్లని చట్రం గీసి హెచ్చరిక అచ్చు వేయమని ఆజ్ఞాపించింది. తొమ్మిది నెలల నుంచి అయిదేళ్ళ లోపు వయసున్న ఎనిమిది మంది పిల్లలకి ఇలా పెద్దల ఒంటి నుంచి టెస్టాస్టెరోన్ అంటిన ఉదంతాలు అప్పటికి దాని ముందున్నాయి. పసివాళ్ళకి జననాంగాలు పెరగడం, అక్కడ వెంట్రుకలు రావడం, ఎముకలు వయసుని మించి ముదరడం, దుడుకుతనం. స్పర్శ మానిపించాక చాలావరకు లక్షణాలు తగ్గాయి. కాని కొందరిలో జననాంగాల పరిమాణం పూర్తిగా వెనక్కి రాలేదు, ఎముకల వయసు కొంచెం ముందే ఉండిపోయింది. మరుసటి ఏడు, 2010 జులైలో, స్త్రీలు ముంజేతి మీద చల్లుకునే ఈస్ట్రొజెన్ స్ప్రే గురించి అటువంటి హెచ్చరికే వచ్చింది. ఈసారి పిల్లలతో పాటు ఇంట్లోని పెంపుడు జంతువులకి కూడా అంటింది. 1942 నాటి కార్మికుల కథ పడకగదిలో పునరావృతమయింది.

కనుకనే ఇవాళ ఆ పెట్టెలోని కాగితం ఇంత వివరంగా చెబుతుంది: చొక్కా చేతులు కప్పే భుజానికే రాయాలి, రాసిన వెంటనే సబ్బుతో చేతులు కడుక్కోవాలి, పూర్తిగా ఆరాకనే చొక్కా తొడుక్కోవాలి, ఎవరినైనా ఒంటికి ఒళ్ళు తగిలేలా దగ్గరకి తీసుకునే ముందు ఆ చోటు కడిగేయాలి. జెల్‌లో సారాయి పాలు ఎక్కువ కనుక ఆరేదాకా పొయ్యి దగ్గరకి, అగ్గిపుల్ల దగ్గరకి పోరాదు. గర్భిణి అయిన భార్య దానిని తాకనే రాదు.

ఇక మన దేశం. 1975లో అమెరికాలో క్లిగ్‌మన్, విల్లిస్ అనే ఇద్దరు మచ్చలని పోగొట్టే ఒక మిశ్రమాన్ని ప్రకటించారు: హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, డెక్సామెథసోన్. మూడవది స్టిరాయిడ్. ఈ మిశ్రమానికి మారురూపాలు మన మందుల షాపులలోకి వచ్చి, మంగు మచ్చలకి మందుగా మొదలై, ‘తెల్లబడే క్రీము’గా స్థిరపడ్డాయి. మా పిన్ని కథ ఇక్కడిదే. బుగ్గల మీద మంగు వచ్చిందని మందుల షాపులో అడిగితే కౌంటరు వెనుక కుర్రవాడు ఒక ట్యూబు ఇచ్చాడు. పది రోజులలో మొహం మెరిసింది. పెళ్ళిలో అందరూ అడిగారట. మూడేళ్ళు రాసింది. తరువాత బుగ్గలు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి, ఎండలోకి వెళితే భగ్గుమనేవి, గడ్డం మీద సన్నని నూగు మొలిచింది. మానేస్తే రెండో రోజుకల్లా మొహం వాచి మండేది. మళ్ళీ రాస్తే చల్లబడేది. “ఈ మందు లేకపోతే బతకలేనురా” అంది ఒకసారి. క్లిగ్‌మన్, ఫ్రాష్‌తో కలిసి 1979లో దీనికి స్టిరాయిడ్ వ్యసనం అని పేరు పెట్టాడని నేను చదివింది చాలా ఏళ్ళ తరువాత. చివరికి ఒక చర్మవైద్యురాలు నెలల తరబడి మెల్లగా మాన్పించింది.

పిన్ని ఒక్కతే కాదు. దేశంలోని 12 వైద్యకేంద్రాలలో మొహం మీద చర్మరోగంతో వచ్చిన 2926 మందిని పరిశీలించిన వైద్యులు, వారిలో 433 మంది స్టిరాయిడ్ లేపనం వాడుతున్నారని 2011లో ప్రకటించారు. నూటికి దాదాపు పదిహేను మంది. తెలుపు కోసం, మొటిమల కోసం, ఊరికే క్రీములాగా. చీటీ రాసినవారిలో వైద్యులు కానివారే ఎక్కువ.

చట్టం ఏం చేస్తోందని అడగవచ్చు. చీటీ లేకుండా అమ్మకూడని మందుల జాబితాని మన దేశంలో షెడ్యూల్ హెచ్ అంటారు. స్టిరాయిడ్లు అందులో ఉన్నాయి. కాని ఆ జాబితా చివర ఒక గమనిక ఉండేది: కంటికీ, చెవికీ, ముక్కుకీ వాడే కొన్నింటిని తప్పించి, పైపూతగా వాడేవాటికి ఇది వర్తించదని. చట్టం కూడా, పాపం, “పైపూతే కదా” అంది! చర్మవైద్యుల సంఘం ఏళ్ళ తరబడి మొరపెట్టుకున్నాక, 2018 మార్చిలో కేంద్రప్రభుత్వం 14 స్టిరాయిడ్ల లేపనాలకి ఆ మినహాయింపు తీసివేసింది. అదే ఏడు సెప్టెంబరులో నిషేధించిన 328 మిశ్రమ మందులలో, క్లోబెటసాల్‌తో శిలీంధ్రాల మందునీ, సూక్ష్మజీవుల మందునీ కలగలిపిన లేపనాలు కూడా ఉన్నాయి. ఏ రోగమో తెలియనప్పుడు అన్నింటికీ ఒకేసారి బాణం వేసే ఆ కలగూరగంపలు అప్పటికే చేయవలసిన చెడుపు చేశాయి. మాములు మందులకి లొంగని తామర దేశమంతా వ్యాపించింది. భారత, నేపాల్ దేశాల రోగుల నుంచి వేరుచేసిన ఆ శిలీంధ్రానికి 2020లో జపాను పరిశోధకులు పెట్టిన పేరులో ఇండియా పేరు కలిసిపోయింది: ట్రైకోఫైటన్ ఇండోటినియే. దీనికంతటికీ స్టిరాయిడ్ మిశ్రమాలే కారణమనడం అతిశయోక్తి అవుతుంది. ముఖ్యకారణాలలో అవి ఒకటని మాత్రం చర్మవైద్యులు అంటున్నారు.

పిన్ని మొహం ఇప్పుడు నయం. ఎండలోకి వెళితే కొంగు కప్పుకుంటుంది, అంతే. మొన్న ఆమె మనుమరాలికి, ఏడాదిన్నర పిల్లకి, మోచేతుల మడతల్లో ఎగ్జిమా వచ్చింది. పిల్లల వైద్యుడు తేలికపాటి హైడ్రోకార్టిసోన్ రాసి “పలచగా రాయండి” అన్నాడట. పిన్ని ఆ ట్యూబుని కోడలి చేతికి ఇవ్వకుండా నాకు ఫోను చేసింది. వేలికొన కొలత గురించి చెప్పాను. అంతా విని, “కొలత నా వేలితోనా, పిల్ల వేలితోనా?” అని అడిగింది. పెద్దవారి వేలితోనే. ఏడాది నుంచి రెండేళ్ళ లోపు పిల్లకి హస్తంతో సహా ఒక చెయ్యి మొత్తానికి ఒకటిన్నర కొలతలని పట్టిక చెబుతుంది. రెండు మోచేతుల మడతలకే అయితే అందులో చిన్న ముక్క చాలు. “అంతేనా!” అని, ఫోను పక్కన పెట్టి చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది.